కాలేజీ మూసేస్తే ఇంట్లోంచే నర్సింగ్ చదవడం ఎలా: ఒక విశాఖ అమ్మాయి రాసుకున్న సమగ్ర మార్గదర్శి

2020 మార్చిలో హాస్టల్ ఖాళీ చెయ్యమన్నప్పుడు నేను బీఎస్సీ నర్సింగ్ మొదటి సంవత్సరంలో ఉన్నాను. ఊళ్ళోనే ఇల్లున్నా మా కాలేజీలో హాస్టల్ తప్పనిసరి. పది పదిహేను రోజుల్లో వచ్చేస్తాం కదా అని రెండు జతల బట్టలు, ఛార్జరు బ్యాగులో పడేసుకుని కంచరపాలెంలో మా ఇంటికి వచ్చేశాను. 22న జనతా కర్ఫ్యూ, 25 నుంచి లాక్‌డౌన్. పుస్తకాలు, ప్రొసీజర్ రికార్డు (చేసిన ప్రతి పనికీ సంతకం పెట్టించుకునే పుస్తకం), స్టెత్ (స్టెతస్కోపు) అన్నీ హాస్టల్ బీరువాలోనే ఉండిపోయాయి. మళ్ళీ వార్డులో అడుగుపెట్టేసరికి ఆ ఏడాది చివరికొచ్చింది.

ఇప్పుడు నా వార్డుకి పోస్టింగ్ మీద వచ్చే పిల్లలు అడుగుతుంటారు, "అక్కా, నర్సింగ్‌ని ఫోన్‌లో ఎలా నేర్చుకున్నారు?" అని. నేర్చుకోలేదమ్మా, సగమే నేర్చుకున్నాం, మిగతా సగం తర్వాత కష్టపడి పూడ్చుకున్నాం అని చెబుతాను. ఫోన్ మన కళ్ళకి, చెవులకి పాఠం చెబుతుంది, చేతులకి చెప్పదు. చేతులకి పాఠం మనమే పెట్టుకోవాలి, పెట్టుకోలేనివాటికి లెక్క రాసుకోవాలి. ఈ రెండూ ముందే తెలిసుంటే నాకు ఆరు నెలల టెన్షన్ తగ్గేది. అందుకే ఇదంతా వివరంగా రాస్తున్నాను. నేను నర్సింగ్ కాబట్టి ఉదాహరణలన్నీ అక్కడివే, ఎంబీబీఎస్, ఫిజియో, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సుల వాళ్ళు తమకి తగ్గట్టు మార్చుకోండి.

మొదటి అడుగు: హాస్టల్ వదిలేటప్పుడే

సెలవులు ఎన్ని రోజులని చెప్పినా సరే, ఆరు నెలలకి సర్దుకున్నట్టు సర్దుకోండి. బట్టలు ఇంటి దగ్గర దొరుకుతాయి. స్టెత్, థర్మామీటరు, సెకన్ల ముల్లున్న వాచీ, ప్రొసీజర్ బుక్, సంతకాలున్న రికార్డులు, ఆ ఏడాది పుస్తకాల్లో కనీసం రెండు, ఒక జత యూనిఫామ్, ఇవి ముందు బ్యాగులో పడాలి. బరువైపోతే పుస్తకంలో కావలసిన చాప్టర్లు ఫోటోలు తీసుకోండి. సంతకాలున్న పేజీలు మాత్రం తప్పకుండా ఫోటో తీసి మెయిల్‌లో పెట్టుకోండి, రికార్డు పోయిందంటే మళ్ళీ చేయించుకోవడం ఎంత నరకమో మా బ్యాచ్‌లో ఇద్దరికి తెలుసు.

రెండో అడుగు: ఇంట్లో వాళ్ళకి అర్థమయ్యేలా చెప్పడం

మాది రెండు గదుల ఇల్లు. నాన్న ఆటో ఆగిపోయి ఇంట్లోనే ఉన్నారు, తమ్ముడికి వాడి క్లాసులు, అమ్మకి వంటింట్లో పొద్దున్నుంచి రాత్రిదాకా పనే. పిల్ల ఇంట్లో ఫోన్ పట్టుకుని కూర్చుంది అంటే ఖాళీగా ఉన్నట్టే లెక్క ఎవరికైనా. క్లాసు మధ్యలో "కాస్త ఉల్లిపాయలు తరుగు" అనేవారు. మొదటి రెండు వారాలూ దీని మీద రోజూ గొడవే.

గొడవ పడితే పని జరగదని తెలిశాక ఒక కాగితం మీద టైమ్‌టేబుల్ రాసి బీరువా తలుపుకి అంటించాను. క్లాసు గంటలు ఎర్ర పెన్నుతో, ఇంటి పని చేసే గంటలు నీలం పెన్నుతో. నీలం గంటల్లో ఏ పని చెప్పినా లేస్తాను, ఎర్ర గంటల్లో పిలవొద్దు అని అమ్మతో ఒప్పందం. చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, అమ్మకి నేను ఎప్పుడు సాయం వస్తానో తెలియడమే అక్కడ ముఖ్యం. అది తెలిశాక అమ్మే మిగతావాళ్ళని అదుపు చేసేది.

కూర్చునే చోటు రోజూ ఒకటే ఉండాలి. మంచం మీద వద్దు, నడుం పోతుంది, నిద్రొస్తుంది. నేను గోడకి ఆనించిన కుట్టుమిషను బల్ల మీద చదివాను.

మూడో అడుగు: నెట్, కరెంటు

అప్పట్లో మా అందరి దగ్గరా రోజుకి 1.5 జీబీ ప్లాన్లు. గ్రూప్ వీడియో క్లాసు గంటకి దాదాపు 1 జీబీ లాగేస్తుంది. రోజుకి మూడు క్లాసులంటే లెక్క ఎక్కడ సరిపోతుంది? మీ వీడియో ఆపెయ్యండి, అవతలి వీడియో క్వాలిటీ తగ్గించండి, యాప్‌లో డేటా సేవర్ ఉంటే ఆన్ చెయ్యండి. రికార్డింగులు 360కి దించి చూడండి, స్లయిడ్ల మీద అక్షరాలు కనపడితే చాలు. జూమ్ ఉచిత ఖాతాలో గ్రూప్ మీటింగ్ 40 నిమిషాలకి తెగిపోతుంది, తెగాక మళ్ళీ చేరేటప్పుడు సగంమంది రారు, కాబట్టి అసలు విషయం మొదటి అరగంటలో అయ్యేలా చూడమని మేడమ్‌ని మర్యాదగా అడగొచ్చు. మేం అడిగితే మా మేడమ్ ఒప్పుకున్నారు.

సిగ్నల్ లేనివాళ్ళ సంగతి వేరు. మా క్లాసులో పాడేరు, చింతపల్లి వైపు అమ్మాయిలు నలుగురు ఉండేవారు. ఇంట్లో సిగ్నల్ రాదు, కొండెక్కి ఒక చెట్టు కింద కూర్చుంటే రెండు గీతలు వస్తాయి, వానొస్తే అదీ లేదు. వాళ్ళకి మేం జంటలు కట్టాం. నెట్ బాగున్న ఒకరు, లేని ఒకరు. క్లాసు అయిన వెంటనే ఏం చెప్పారో ఐదు నిమిషాల్లో మన మాటల్లో వాయిస్ మెసేజ్ పెట్టడం, బోర్డు ఫోటోలు రెండు పంపడం. వాళ్ళ కోసం మొదలుపెట్టాంగానీ దానివల్ల ఎక్కువ లాభపడింది నేనే, చెప్పాలంటే అర్థం కావాలి కదా.

అటెండెన్స్ విషయం వారానికోసారి రాతపూర్వకంగా పెట్టండి. ఏ రోజు సిగ్నల్ లేక రాలేకపోయామో అదే రోజు క్లాస్ టీచరుకి మెసేజ్ పెట్టి, స్క్రీన్‌షాట్ దాచుకోండి. పరీక్షలప్పుడు మొదలుపెడితే ఎవరూ వినరు. కరెంటు గురించి వైజాగ్ వాళ్ళకి నేను వేరే చెప్పాలా, 2014లో హుద్‌హుద్ తర్వాత రోజుల తరబడి చీకట్లో ఉన్నవాళ్ళం. తుఫాను హెచ్చరిక రాగానే పవర్ బ్యాంకు నింపుకుని, ఆ వారం పాఠాలు డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి.

నాలుగో అడుగు: క్లాసు వినే పద్ధతి

కెమెరా ఆపేసి, మ్యూట్‌లో పెట్టి, పక్కన ఇంకేదో చూస్తూ కూర్చుంటే అటెండెన్స్ వస్తుంది, చదువు రాదు. నాకు పనికొచ్చింది ఇది. క్లాసుకి ముందు పది నిమిషాలు ఆ చాప్టరు తిరగేసి మూడు ప్రశ్నలు కాగితం మీద రాసుకునేదాన్ని. వింటున్నంతసేపు ఆ మూడింటికి జవాబు వెతకడమే పని. దొరకనిది చాట్‌లో అడగడం. అయ్యాక పుస్తకం మూసేసి, తెల్లకాగితం మీద గుర్తున్నదంతా రాసి, అప్పుడు పుస్తకం తెరిచి ఎర్ర పెన్నుతో దిద్దుకోవడం. అదే కాగితం మూడో రోజు ఒకసారి, వారం తర్వాత ఒకసారి మళ్ళీ తియ్యాలి. ఎన్ని వీడియోలు చూసినా ఈ కాగితానికి సాటి రాదు.

కేస్ ప్రెజెంటేషన్లున్న రోజు ఇంకో జాగ్రత్త. ఇయర్‌ఫోన్లు పెట్టుకోండి, తెర గోడవైపు తిప్పుకోండి. రోగి ఫోటో, ఎక్స్‌రే, పేరు, ఇవి మన ఇంట్లో వాళ్ళు చూడాల్సినవి కావు. స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో పడెయ్యడం అసలే కూడదు.

ఐదో అడుగు: చేతులకి రోజూ గంట

అన్నిట్లోకీ ముఖ్యమైనది ఇదే, కాబట్టి కాస్త నెమ్మదిగా చదవండి. సాయంత్రం ఐదింటి నుంచి ఆరింటి దాకా నేను ఫోన్ పక్కన పెట్టేసేదాన్ని. ఆ గంటలో చదవడం లేదు, చెయ్యడమే.

చేతులు కడుక్కోవడంతో మొదలుపెట్టండి. సబ్బుతో అయితే 40 నుంచి 60 సెకన్లు, శానిటైజరుతో అయితే 20 నుంచి 30 సెకన్లు, అరచేతులు, చేతి వెనకభాగం, వేళ్ళ సందులు, వేళ్ళ వెనకభాగం, బొటనవేళ్ళు, గోళ్ళ చివర్లు. వాచీ చూస్తూ చేస్తే మనం మామూలుగా ఎంత తొందరగా ముగించేస్తామో తెలుస్తుంది.

తర్వాత గ్లవుజులు. మెడికల్ షాపులో నాలుగు జతలు కొనుక్కున్నాను. వేసుకుని, పసుపు చిక్కగా కలిపి గ్లవుజుల నిండా పూసుకున్నాను, రోగి ఒంటి ద్రవం అనుకోండి. ఇప్పుడు చర్మానికి తగలకుండా తియ్యాలి. ఒక చేతి గ్లవుజుని మణికట్టు దగ్గర బయటివైపు పట్టుకుని లోపలిది బయటికి వచ్చేలా లాగి, రెండో చేతి పిడికిట్లో ఉంచుకుని, ఖాళీ చేతి వేలు రెండో గ్లవుజు లోపలికి దూర్చి అదే విధంగా తిప్పెయ్యాలి. డెమో వీడియోలో చూసినప్పుడు ఇంతేనా అనిపించింది. తీసి చూసుకుంటే కుడి మణికట్టు మీద పచ్చగా చార. మూడు రోజులు ఆ చార పోలేదు, నాలుగో జతకి గానీ చెయ్యి శుభ్రంగా రాలేదు. పీపీఈ కిట్టు విప్పేటప్పుడు నాకు ఈ రోజుకీ ఆ పసుపు చారే గుర్తొస్తుంది.

బీపీ. చేత్తో పంపు కొట్టే మిషను, స్టెత్ తెలిసినవాళ్ళ దగ్గర అరువు తెచ్చుకున్నా పర్లేదు. నాన్న, అమ్మ, మామ్మ, రోజూ ముగ్గురికీ చూసేదాన్ని. కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టి, ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి, చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి, కఫ్ (గాలి నింపే పట్టీ) చొక్కా మీద కాకుండా నేరుగా చేతికి చుట్టాలి. మణికట్టు నాడి పట్టుకుని గాలి కొడుతూ పోయి, నాడి ఎక్కడ ఆగిందో చూసి, దానికి ఇంకో 30 పైకి ఎక్కించి, మోచేతి మడతలో స్టెత్ ఆనించి, సెకనుకి రెండు మూడు ఎమ్‌ఎమ్ చొప్పున (మిషను మీద ఒక్కో గీత 2 ఎమ్‌ఎమ్) దించాలి. స్టెత్‌లో మొదటి చప్పుడు వినపడిన చోటు పై అంకె, చప్పుడు పూర్తిగా ఆగిన చోటు కింది అంకె. మామ్మకి రెండుసార్లు ఎక్కువ వచ్చింది, కంగారుపెట్టకుండా రెండు నిమిషాలాగి మళ్ళీ చూసి, అంకెలు తేదీతో రాసి, ఆవిడ మాత్రలు రాసే డాక్టరుకి ఫోన్‌లో చెప్పాం. మాత్ర పెంచడం, తగ్గించడం మన పని కాదు.

శ్వాస లెక్కపెట్టేటప్పుడు మనిషికి తెలియకూడదు, తెలిస్తే మార్చేస్తారు. నాడి పట్టుకున్నట్టే పట్టుకుని నిమిషం పూర్తిగా ఛాతీ చూడండి. ఆక్సీమీటరు (రక్తంలో ఆక్సిజన్ శాతం చూపించే చిన్న మిషను) ఉంటే గోళ్ళరంగు, గోరింటాకు లేని వేలికి, వేలు వెచ్చగా ఉన్నప్పుడు పెట్టండి.

సెలైన్ చుక్కల లెక్క వంటింటి కుళాయి దగ్గర నేర్చుకున్నాను. 500 ఎమ్‌ఎల్ నాలుగు గంటల్లో పోవాలి, సెలైన్ గొట్టం సెట్టు మీద ఎమ్‌ఎల్‌కి 20 చుక్కలని రాసుంది. 500ని 20తో హెచ్చవేసి 240 నిమిషాలతో భాగిస్తే నిమిషానికి 42 చుక్కలు, అంటే పావు నిమిషానికి పది, పదకొండు. కుళాయిని అంత సన్నగా తిప్పి, వాచీ పెట్టుకుని లెక్కపెట్టండి. నాలుగు రోజులయ్యేసరికి కంటితో చూసి ఎక్కువో తక్కువో చెప్పెయ్యగలిగాను. కింద బిందె పెట్టండి, నీళ్ళు వృథా కానివ్వకుండా.

వేలితో తట్టి చప్పుడు వినే పరీక్షకి బియ్యం డ్రమ్ము ఉంది. ఎడమ చేతి మధ్యవేలు డ్రమ్ముకి ఆనించి, కుడి మధ్యవేలితో పైనుంచి కిందికి తట్టుకుంటూ వస్తే ఖాళీ ఉన్నంతవరకు ఒక చప్పుడు, బియ్యం మొదలైనచోట మొద్దుగా ఇంకో చప్పుడు. సుద్దముక్కతో అక్కడ గీత పెట్టి, మూత తీసి సరిచూసుకోవాలి. మామ్మ చూసి, "ఏటే, డ్రమ్ము మీద దరువేస్తన్నావు?" అంది. ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరితే ఇలాగే మొద్దుగా మోగుతుందని చెబితే ఆవిడ కూడా తట్టి చూసింది. 18వ శతాబ్దంలో ఆస్ట్రియాలో లియోపోల్డ్ ఔవెన్‌బ్రుగ్గర్ అనే వైద్యుడు ఈ పరీక్షని పరిచయం చేశాడు, వాళ్ళ నాన్న పీపాలు తట్టి చూడటం ఆయనకి తెలుసంటారు.

పాత చీర చింపితే కట్లు కట్టడానికి కావలసినంత గుడ్డ. తమ్ముడి మోచెయ్యి, మడమ, తల, వాడికి సినిమా చూడనిస్తానంటే ఎంతసేపైనా కట్టించుకునేవాడు. మంచం మీద మనిషి ఉండగా దుప్పటి మార్చడం మామ్మతోనే నేర్చుకున్నాను.

ఇంట్లో చెయ్యకూడనివి

ఇంజెక్షన్, సెలైన్ పెట్టడం, ట్యూబులు వెయ్యడం, ఇవి ఎవరికీ చెయ్యొద్దు, మనవాళ్ళైనా సరే. సిరంజి పట్టు అలవాటవ్వాలంటే నీళ్ళు నింపి బత్తాయికాయకి చెయ్యండి, సూది మూత తిరిగి పెట్టకుండా గట్టి డబ్బాలో వెయ్యండి.

ఇది ఎందుకు గట్టిగా చెబుతున్నానంటే, 2021 ఏప్రిల్, మే నెలల్లో కోవిడ్ రెండో వేవ్‌లో ఆసుపత్రుల్లో మంచాలు దొరక్క జనం అల్లాడినప్పుడు మా వీధిలో నన్ను చాలామంది పిలిచారు. "అమ్మాయ్, నర్సు చదువుతున్నావు కదా, మా ఆయనకి సెలైన్ పెట్టు" అని ఒక పిన్నిగారు మా గుమ్మంలో ఏడ్చారు. పెట్టలేనని చెప్పడం నా జీవితంలో కష్టమైన పని. దానికి బదులు గేటు దగ్గరే ఆక్సీమీటరు ఇచ్చి ఎలా చూడాలో చెప్పాను, 94 కంటే తగ్గిందని తెలియగానే 104కి, 108కి చేసి, ఆసుపత్రికి వెళ్ళేదాకా ఫోన్‌లో ఉన్నాను. ఆయన బతికారు. మనకి వచ్చినంతవరకు చెయ్యడం, రానిది రాదని చెప్పడం, రెండూ ఈ వృత్తిలో భాగమే.

ఆరో అడుగు: బాకీ పుస్తకం

కిరాణా కొట్లో అరువు పుస్తకం చూశారు కదా, అలాంటిదే ఒకటి పెట్టండి, యూనిఫామ్ జేబులో పట్టే సైజులో. వీడియోలో మాత్రమే చూసి చేత్తో చెయ్యని ప్రతి ప్రొసీజరూ అందులో బాకీ. పేజీకి ఒకటి. పైన పేరు, చూసిన తేదీ, కింద నాలుగు గీతలు: డమ్మీ (బొమ్మ) మీద చేశాను, సీనియర్ చేస్తుంటే పక్కన నిలబడ్డాను, సీనియర్ చూస్తుండగా చేశాను, నా అంతట నేను చేశాను. నాలుగూ నిండితేనే పేజీ కొట్టేయాలి.

మా బ్యాచ్ తిరిగి వెళ్ళేసరికి నా పుస్తకంలో 31 పేజీలున్నాయి. చూస్తే భయమేసింది, కానీ లెక్క తెలిసిన భయం వేరు, తెలియని భయం వేరు. ఏం రాదో తెలియకుండా వార్డులోకి వెళ్ళిన స్నేహితురాళ్ళు ఎవరైనా ఏదైనా అడుగుతారేమోనని వెనక వెనకే నిలబడేవారు, నేను వెళ్ళి ఫలానాది చూపించండి సిస్టర్ అని అడిగేదాన్ని. నర్సింగ్ కౌన్సిల్ నియమాల ప్రకారం పరీక్ష రాయడానికి 80 శాతం హాజరు చాలు, డిగ్రీ చేతికి రావాలంటే మాత్రం ప్రాక్టికల్స్ నూటికి నూరు పూర్తవ్వాలి. అంటే ఈ బాకీ ఎలాగూ తీర్చాల్సిందే. పైగా పిలుపు ఎప్పుడొస్తుందో చెప్పలేం, 2021 మేలో కేంద్రం ఆఖరి సంవత్సరం ఎంబీబీఎస్ వాళ్ళని అధ్యాపకుల పర్యవేక్షణలో టెలీ కన్సల్టేషన్‌కి (ఫోన్‌లో రోగులకి సలహా చెప్పడానికి), తేలికపాటి కేసులు చూడటానికి వాడుకోవచ్చంది, నర్సింగ్ పాసైనవాళ్ళని సీనియర్ల కింద కోవిడ్ డ్యూటీకి తీసుకోవచ్చంది. మా ఊరి పెద్దాసుపత్రులు కేజీహెచ్‌లో, విమ్స్‌లో పగలూ రాత్రీ డ్యూటీలు చేస్తున్న సీనియర్ల గురించి వింటూ నేను ఆ పుస్తకం ఎన్నిసార్లు తిరగేశానో.

ఏడో అడుగు: వైవా (నోటి పరీక్ష)

చదివింది నోటితో చెప్పడం వేరే విద్య. రాత్రి తొమ్మిదింటికి నా జంట అమ్మాయికి ఫోన్ చేసి, తను ఐదు ప్రశ్నలు, నేను ఐదు ప్రశ్నలు, నిలబడి జవాబులు. ఆన్‌లైన్ వైవా రోజు యూనిఫామ్ వేసుకుని జడ ముడిపెట్టుకున్నాను, గొంతు దానంతటదే సర్దుకుంది.

ఎనిమిదో అడుగు: మనసు, ఒళ్ళు

ఇరవై నిమిషాలకోసారి తెర మీంచి చూపు తిప్పి, ఇరవై అడుగుల దూరంలో ఉన్నదాన్ని ఇరవై సెకన్లు చూడండి, నాకు ఎదురింటి డాబా మీది నీళ్ళ ట్యాంకు ఉండేది. సాయంత్రం డాబా మీద నడవండి.

దీనికంటే పెద్దది లోపల బరువు. ఇంట్లో ఆదాయం లేదు, తెలిసినవాళ్ళు పోతున్నారు, సీనియర్లు వార్డుల్లో ఉంటే మనం ఇంట్లో కూర్చున్నామన్న అపరాధభావం. నాకు మూడు వారాలు నిద్ర సరిగ్గా పట్టలేదు, అందరికీ ఉన్నదే కదా అని ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సింది. ఇప్పుడైతే 14416కి చేస్తే టెలీ మానస్ వాళ్ళు తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు అక్కర్లేదు. ప్రభుత్వ మానసిక వైద్యశాల మన వైజాగ్‌లోనే ఉంది. రేపు రోగులకి చెప్పబోయే మాట ఇవాళ మనకి మనం చెప్పుకోవడానికి మొహమాటం ఎందుకు?

తొమ్మిదో అడుగు: తిరిగి వార్డులోకి

మొదటి రోజే నాకు దెబ్బ తగిలింది. జాలరిపేట వైపు నుంచి వచ్చిన పెద్దావిడకి బీపీ చూడమన్నారు. కఫ్ చుట్టాను, గాలి కొట్టాను, దించుతుంటే ఏమీ వినపడలేదు. పైన ఫ్యాను, పక్కమంచం దగ్గర బంధువుల మాటలు, ట్రాలీ చక్రాల చప్పుడు. ఇంట్లో ఆర్నెల్లు నిశ్శబ్దంలో నేర్చుకున్న చెవి అక్కడ పనిచెయ్యలేదు. రెండోసారీ రాలేదు. ఆవిడ నా మొహం చూసి, "కంగారుపడకమ్మా, మళ్ళీ చూడు" అంది. ఇన్‌ఛార్జ్ సిస్టర్ వచ్చి, స్టెత్ తల నేను పెట్టినదానికంటే వేలెడు లోపలికి జరిపి, మోచేతి మడతలో నాడి కొట్టుకునే చోట నా వేలు పెట్టించి, అప్పుడు వినమన్నారు. వినపడింది. వినపడకుండానే ఏదో అంకె ఊహించి రాసెయ్యనందుకు సిస్టర్ మెచ్చుకున్నారు కూడా.

కాబట్టి ఇంట్లో చివరి నెల రోజులు టీవీ పెట్టుకుని, ఫ్యాను ఫుల్లులో పెట్టుకుని బీపీ చూడటం అలవాటు చేసుకోండి. కఫ్ చుట్టేముందు నాడి ఎక్కడుందో వేలితో వెతికే అలవాటు మానొద్దు.

వార్డుకి వెళ్ళిన మొదటి వారం ఉదయం షిఫ్టుకి పావుగంట ముందు చేరండి. హ్యాండోవర్ (పాత షిఫ్టువాళ్ళు కొత్తవాళ్ళకి రోగుల సంగతి అప్పగించడం) మొదలయ్యాక ఎవరికీ తీరిక ఉండదు, దానికి ముందే ఇన్‌ఛార్జ్ సిస్టర్‌కి బాకీ పుస్తకం చూపించి, "సిస్టర్, ఇవి నాకు రావు, ఈ వారం వీటిలో ఏది వచ్చినా నన్ను పిలవండి" అనండి. తిట్టేవాళ్ళు ఒకరిద్దరు ఉండొచ్చు. మా సిస్టర్ మాత్రం పుస్తకం మొత్తం తిప్పి చూసి, నాలుగో పేజీ దగ్గర ఆగి, "పన్నెండో బెడ్‌కి పదింటికి క్యాథెటర్ (మూత్రం గొట్టం) వెయ్యాలి, పక్కన నిలబడు" అన్నారు.